పిల్లల్లో ఆటిజం తొలి లక్షణాలను ఇంట్లోనే ఎలా గమనించాలి?

"మగపిల్లాడు కదా, మాటలు ఆలస్యంగానే వస్తాయిలే!" హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పెద్దవాళ్లు తరచూ అనే మాటే ఇది. ఆటిజం అంటే నలుగురితో కలవడంలో, మాట్లాడటంలో తేడాలు కనిపించే ఎదుగుదల సమస్య. దాన్ని గుర్తించాలంటే నిజానికి మాటలకన్నా ముందు చూడాల్సింది పిల్లల చూపుడు వేలు.

1. సాయంత్రం బాల్కనీలో గోరుముద్దలు పెడుతూ "అదిగో చందమామ" అని చూపించండి. మబ్బు పడితే మెట్రో రైలైనా సరే. ఏడాది దాటిన పిల్లలు సాధారణంగా మీరు చూపిన వైపు చూస్తారు. ఏడాదిన్నరకల్లా తామే వేలెత్తి చూపించి, మీరూ చూశారా లేదా అని మీ ముఖంలోకి చూస్తారు. ఆ చూపు ఉందా? కొందరు బిస్కెట్ కావాలంటే వేలు చూపరు. అమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, ముఖం వైపు చూడకుండానే ఆ చేతిని డబ్బా మీద పెడతారు. ఎంత తెలివో అని మురిసిపోతాం కానీ, ఇది తరచూ జరుగుతుంటే రాసి పెట్టుకోండి.

2. టీవీ ఆపి, వెనక నుంచి పేరు పెట్టి పిలవండి. ఒక్కసారి కాదు, వేర్వేరు రోజుల్లో. చాక్లెట్ కవర్ చప్పుడుకు తిరిగే పిల్లాడు పేరుకు తిరగకపోతే ఆలోచించాలి. వినికిడి పరీక్ష మాత్రం ఎలాగూ చేయించాల్సిందే.

3. 16 నెలలకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు "పాలు కావాలి" లాంటి రెండు మాటలు సొంతంగా కలపకపోయినా డాక్టర్‌కు చెప్పండి. ఫోన్లో విన్న రైమ్స్ గడగడా అప్పజెప్పి, దాహమేస్తే నీళ్లు అడగలేని పిల్లలూ ఉంటారు. వచ్చిన మాటలు పోతే మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు.

4. బొమ్మకారును నడపకుండా గంటలకొద్దీ చక్రమే తిప్పడం, చేతులు పదేపదే ఆడించడం, మిక్సీ మోతకు చెవులు మూసుకోవడం కూడా గమనించండి. వీటిలో ఏదో ఒకటి కనిపించినంత మాత్రాన ఆటిజం కాదు.

5. ఇవన్నీ ఫోన్లో నిమిషం నిమిషం వీడియోలుగా తీయండి. క్లినిక్‌లో పిల్లలు ఏడుపుతోనే సరిపెడతారు! పిల్లల డాక్టర్‌ను ఎం-చాట్ గురించి అడగండి. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తల్లిదండ్రులను అడిగే 20 ప్రశ్నలవి. అది వడపోత మాత్రమే, నిర్ధారణ కాదు. పూర్తి పరీక్షలకు సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

అమ్మ ఉద్యోగానికి వెళ్లడం వల్లనో, టీకాల వల్లనో ఆటిజం రాదు. ఆ గొడవ ఇంట్లో పెట్టుకోకండి. నిర్ధారణ ఆలస్యమైనా స్పీచ్ థెరపీ మొదలుపెట్టొచ్చా అని అడగండి. అపాయింట్‌మెంట్ నిద్రపోయే టైమ్‌లో పడకుండా చూసుకుని, ఆ చక్రాల కారునూ సంచిలో వేసుకోండి.