ఉభాలకు (వరి నాట్లకు) దిగేముందు మోకాలి వెనక తడిమి చూసుకోండి

నాగావళి, వంశధార కాలవలకు నీళ్లొదిలాక ఎవరికీ తీరుబడి ఉండదు. అందుకే ఇప్పుడే చెబుతున్నాను. అరవై దాటిన మగవాళ్లు, అందులోనూ ఏళ్ల తరబడి చుట్టో బీడీయో కాల్చినవాళ్లు, కాలు కాస్త మడిచి మోకాలి వెనక గుంటలో వేళ్లు ఆనించి చూసుకోండి. గుండెతో పాటు ఎగిరెగిరి కొట్టుకునే ఉబ్బు తగిలితే పిసకొద్దు, కోయించొద్దు. రక్తనాళాల్లో రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ తీయించండి.

ధమని గోడ బలహీనపడి బుడగలా సాగడాన్ని ఎన్యూరిజం అంటారు. కాళ్లూచేతుల్లో ఇది ఎక్కువగా వచ్చేది మోకాలి వెనకే. ఇక్కడిది పగలడం అరుదు. లోపల గడ్డకట్టిన రక్తం కిందికి జారి పాదానికి దారి మూసేస్తుంది, ప్రమాదమంతా అక్కడే.

బురదలో నానిన కాలు చల్లబడితే ఎవరికీ అనుమానం రాదు. మా పెదనాన్నకి అలాగే అయింది. మడి నీళ్ల చలి అనుకుని రాత్రంతా కాపడం పెట్టాం. తెల్లారేసరికి పాదం నల్లబడింది, కాలు తీసేశారు. ఒక్క కాలే హఠాత్తుగా నొప్పెట్టి, పాలిపోయి, రెండోదాని కంటే చల్లగా తగిలి, తిమ్మిరెక్కితే అది అలసట కాదు. రక్తం పూర్తిగా ఆగితే సుమారు 6 గంటల్లోనే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. శ్రీకాకుళం నుంచి విశాఖకే రెండు గంటలు, ఇచ్ఛాపురం వాళ్లకి ఇంకా ఎక్కువ. నూనె, కాపడం పక్కనపెట్టి 108కి ఫోన్ చేసి, కాలికి రక్తం ఆగినట్టుందని ఆ మాటే చెప్పండి.

ముందే బయటపడితే వైద్యం ఉంది. వెడల్పు 2 సెంటీమీటర్లు దాటినా, లోపల రక్తపు గడ్డ కనిపించినా సాధారణంగా ఆపరేషన్ చెబుతారు: కాలి సిరతో బైపాస్, లేదా ధమని లోపలి నుంచి అమర్చే స్టెంట్ గ్రాఫ్ట్ అనే గొట్టం. మీరు గొంతుక్కూచుని పనిచేసేవాళ్లని డాక్టరుకి తప్పక చెప్పండి. మోకాలు పదేపదే పూర్తిగా మడిస్తే స్టెంట్ నలిగి మూసుకుపోవచ్చు. ఒక కాలికి ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి రెండోదానికీ ఉంటుంది. కడుపులోని పెద్ద ధమనినీ స్కాన్ చేయించండి. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) పీల్చే అమ్మలకీ మాట: ఈ జబ్బు ఆడవాళ్లకి తక్కువే, కానీ పొగాకు ఎవరి రక్తనాళాలనీ వదలదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్లు సీటీ యాంజియోగ్రామ్‌కి (మందు ఎక్కించి రక్తనాళాలకు తీసే స్కాన్‌కి) ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు చూపించండి. అందులో ఎక్కించే మందు దెబ్బతిన్న కిడ్నీలకి భారం. డాప్లర్‌కి ఆ మందు అక్కర్లేదు.