నెల్ జాక్సన్ కథ పిల్లలకు చెప్పాలంటే

బడిలో నెల్ జాక్సన్ గురించి ఒక పీరియడ్ చెప్పాలనుకుంటే ఆమె పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి, పిల్లలు అక్కడే దిక్కులు చూస్తారు. నేరుగా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళిపోండి. అప్పటికి ఆమెకు 27 ఏళ్ళు, అమెరికా మహిళల అథ్లెటిక్స్ జట్టుకు హెడ్ కోచ్. అమెరికా ఒలింపిక్ జట్టుకు నల్లజాతి వ్యక్తి హెడ్ కోచ్ కావడం అదే మొదటిసారి. ఆ రోజుల్లోనే, ఆమె పెరిగిన టస్కీగీ ఉన్న అలబామా రాష్ట్రంలో, మాంట్‌గోమరీ నగరపు నల్లవాళ్ళు సీట్ల దగ్గర వివక్షకు నిరసనగా ఏడాదిగా బస్సులెక్కడం మానేసి నడిచి వెళ్తున్నారు. ఈ రెండూ పక్కపక్కనే పెట్టి చెప్పండి, ఆమె ఎంత దూరం వచ్చిందో మీరు వేరే వివరించక్కర్లేదు.

ఆ తర్వాత వెనక్కి రండి. టస్కీగీలో కోచ్ క్లీవ్ అబట్ దగ్గర శిక్షణ తీసుకుంది, 1948లో లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది, 1951 పాన్ అమెరికన్ క్రీడల్లో 200 మీటర్లలో వెండి, రిలేలో బంగారం గెలిచింది. దీన్ని త్వరగా దాటేయండి. ఒలింపిక్ పతకం లేదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. లేదనే చెప్పండి, దాచడానికేం లేదు. కానీ మెల్‌బోర్న్‌లో ఆమె జట్టులోని మిల్‌డ్రెడ్ మెక్‌డానియల్ హైజంప్‌లో 1.76 మీటర్ల ప్రపంచ రికార్డుతో బంగారం గెలిచిందనీ, రిలే జట్టుకు కాంస్యం వచ్చిందనీ, ఆ నలుగురిలో, తర్వాత 1960 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన విల్మా రుడాల్ఫ్ 16 ఏళ్ళ పిల్లగా ఉందనీ కూడా చెప్పండి. నాకైతే ఆమె జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

చదువు సంగతి మర్చిపోవద్దు. 1962లో అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసింది, ఇల్లినాయ్, మిషిగన్ స్టేట్ లాంటి చోట్ల వ్యాయామ విద్య బోధించింది, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి మళ్ళీ హెడ్ కోచ్‌గా వెళ్ళింది.

చివరి పదిహేను నిమిషాలు గ్రౌండ్‌కి తీసుకెళ్ళండి. సున్నంతో 20 మీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి, అప్పట్లో రిలేలో బ్యాటన్ (చేతిలో పట్టుకునే చిన్న కర్ర) మార్చుకోవడానికి ఇచ్చిన చోటు అంతే. బ్యాటన్ తీసుకునేవాళ్ళు వెనక్కి చూడకుండా చెయ్యి చాపి పరుగు మొదలుపెట్టాలి, ఇచ్చేవాళ్ళు వేగం తగ్గించకూడదు. గీత దాటాక అందితే ఆ జంట మళ్ళీ మొదటినుంచి చేయాలి. ముందు నడుస్తూ, తర్వాత సగం వేగంతో, కుదిరాకే పూర్తి వేగంతో చేయించండి.