కాఫీ తాగినా పరుగు టైమ్ తగ్గట్లేదా? మైదానంలో కెఫీన్ చిక్కులు, పరిష్కారాలు

కర్నూలు అవుట్‌డోర్ స్టేడియం, అనంతపురం పీటీసీ మైదానం, కడప డీఎస్‌ఏ స్టేడియం. ఎక్కడ చూసినా కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాల కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసేవాళ్లు, కబడ్డీ ఆడేవాళ్లు, జిమ్‌కు పోయేవాళ్లు ఒకటే మాట అడుగుతారు: పరుగుకు ముందు కాఫీ తాగితే మంచిదా? మంచిదే. కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ ఆటలో పని చేస్తుంది, అందులో అనుమానం లేదు. కాకపోతే మనం దాన్ని గ్లాసుల్లో లెక్కపెడతాం, ఒంటికి తెలిసేది మిల్లీగ్రాములూ గంటలే. కింద చెప్పిన చిక్కులు చాలావరకు ఈ తేడాలోనే పుడతాయి.

కాబట్టి ముందు కొలత. బండి దగ్గర చిన్న గ్లాసు టీలో సుమారు 20–30 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది. చికోరీ (కాఫీ పొడిలో కలిపే వేరు పొడి) కలవని ఇన్‌స్టంట్ కాఫీ పొడి 2 గ్రాములకు 50–60 మి.గ్రా. వస్తుంది. చికోరీలో కెఫీన్ అసలుండదు. అందుకే 70 పాళ్లు కాఫీ, 30 పాళ్లు చికోరీ ఉన్న 70:30 పొడిలో అదే 2 గ్రాములకు 35–42 మాత్రమే వస్తుంది. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 300 మి.గ్రా. మించకూడదని మన దేశంలో నిబంధన ఉంది, అంటే 250 మి.లీ. సీసాలో గరిష్ఠంగా 75. ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌కు మాత్రం లెక్క కట్టడం కష్టం. పొడి రకాన్ని బట్టి, చిక్కదనాన్ని బట్టి రెండింతల తేడా వస్తుంది. కొలత ముఖ్యమైన రోజున దాన్ని నమ్ముకోవద్దు.

“తాగినా ఏం తేడా లేదు”

మొదటి అనుమానం మోతాదు మీద. ఆటలో ఫలితం కనిపించేది కిలో బరువుకు 3 నుంచి 6 మి.గ్రా. దగ్గర. కొందరికి 2 మి.గ్రా. కూడా సరిపోతుంది. 60 కిలోల మనిషికి 3 చొప్పున 180 మి.గ్రా. కావాలి. రెండు చిన్న టీలు తాగితే 50 అందుతుంది. 180 కోసం టీనే తాగాలంటే ఆరేడు గ్లాసులు పట్టాలి, అన్ని పాలూ చక్కెరా కడుపులో వేసుకుని పరిగెత్తడం అయ్యే పని కాదు. చికోరీ లేని ఇన్‌స్టంట్ పొడి 4 గ్రాములు 100 మి.లీ. వేడి నీళ్లలో కలిపి పాలు లేకుండా తాగితే 100–120 మి.గ్రా. వస్తుంది. అక్కడ మొదలుపెట్టండి. రెండు మూడు ప్రాక్టీసులు చూసి, దడ లేకపోతే 6 గ్రాములకు పోండి. స్పూను కొలత మోసం చేస్తుంది, ప్యాకెట్ మీద గ్రాములు చూసి పొడి తీసుకోవాలి.

రెండోది సమయం. కెఫీన్ రక్తంలో గరిష్ఠానికి చేరడానికి చాలామందికి 30 నుంచి 60 నిమిషాలు పడుతుంది. వార్మప్‌కు పోతూ పోతూ గేటు దగ్గర తాగినది పరుగు అయిపోయాక ఎక్కుతుంది. 6 గంటలకు పరుగైతే 5 గంటలకు తాగాలి.

పరీక్ష రోజు కథ వేరు. పొద్దున 5కే రమ్మంటారు. సర్టిఫికెట్లు చూసి, ఎత్తు, ఛాతీ కొలిచి, బ్యాచ్‌లు కట్టి వదిలేసరికి 9 దాటొచ్చు. ఇంట్లో తాగి బయల్దేరితే లెక్క తప్పుతుంది. పొడిని సీసాలో కలిపి వెంట తీసుకుపోండి, మీ బ్యాచ్ కొలతల దగ్గరికి చేరినప్పుడు తాగండి. ముందే తాగేసి ఉంటే మళ్లీ పూర్తి మోతాదు వద్దు. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది, కాబట్టి సగం మోతాదు కలిపితే చాలు.

మూడోది ఆట రకం. 1600 మీటర్లు, 5 కిలోమీటర్లు, సైక్లింగ్, గంటసేపు సాగే ఫుట్‌బాల్, హాకీ లాంటివాటిలో ప్రభావం బాగా తెలుస్తుంది. 100 మీటర్లలో, లాంగ్ జంప్‌లో తక్కువ. దూరం పరుగులో వచ్చే లాభం కూడా సాధారణంగా 2–4 శాతమే. 1600 మీటర్లకు 8 నిమిషాలు లక్ష్యమైతే, అందులో 2 శాతమంటే సుమారు 10 సెకన్లు. అంచు మీద ఉన్నవాళ్లకు ఆ 10 సెకన్లే ఉద్యోగం కావచ్చు, సరే. కానీ 9 నిమిషాలు పడుతున్నవాళ్లకు కావలసింది ఇంకో రెండు నెలల ప్రాక్టీస్.

రోజూ కాఫీ తాగేవాళ్లకు పనిచేయదన్న మాట నిజం కాదు. పరీక్షకు ముందు వారం మానేయమనే సలహా వినకండి. ఎందుకో కింద తలనొప్పి దగ్గర ఉంది.

“చేతుల వణుకు, గుండె దడ, మొదటి రౌండ్‌కే ఆయాసం”

ఇది ఎక్కువైన లక్షణం. కిలోకు 9 మి.గ్రా. దాకా తీసుకుంటే ఆట పెరగదు, వణుకు, కంగారు, వికారం మాత్రం పెరుగుతాయి. ప్రి-వర్కౌట్ పొడి (వ్యాయామానికి ముందు కలుపుకుని తాగేది) ఒక స్కూపు, పైన ఎనర్జీ డ్రింకు, దారిలో కాఫీ: ఇలా మూడు చోట్ల నుంచి వచ్చింది ఎవరూ కూడి చూసుకోరు. కొన్ని తలనొప్పి, జలుబు మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది. వాటినీ లెక్కలో వేయాలి.

మోతాదు మామూలుగానే ఉన్నా దడ వస్తుంటే మందుల వైపు చూడండి. విరేచనాలకు వాడే సిప్రోఫ్లాక్సాసిన్ కాలేయంలో కెఫీన్ విరిగే వేగాన్ని తగ్గిస్తుంది. గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయిల్లో కెఫీన్ దాదాపు రెండింతల సేపు నిలుస్తుంది. సిగరెట్ది ఇంకో తమాషా. పొగ తాగేవాళ్ల ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చవుతుంది. ఉద్యోగం కోసం సిగరెట్ మానినవాళ్లకు పాత కాఫీయే కొత్తగా దడ పుట్టిస్తుంది. సిగరెట్ మానడం మానకండి, కాఫీ సగం చేయండి.

మొదటి రౌండ్ ఆయాసానికి కారణం వేరే ఉంది. కెఫీన్ కష్టాన్ని తక్కువ చేసి చూపిస్తుంది, కాళ్లు తెలియకుండానే ముందుకు లాగుతాయి. 400 మీటర్ల ట్రాక్ మీద 8 నిమిషాల లక్ష్యానికి రౌండ్‌కు 2 నిమిషాలు. తొలి రౌండ్ 1:40కి కొట్టినవాళ్లు మూడో రౌండ్‌లో నడుస్తారు. వాచీ చూసి మొదటి రౌండ్‌ను 1:55 కంటే తగ్గనివ్వకండి, ఒంట్లో ఎంత ఉషారున్నా సరే.

“కడుపులో మంట, పరుగు మధ్యలో బాత్రూమ్”

కెఫీన్ కడుపులో ఆమ్లాన్ని, పెద్దపేగు కదలికను పెంచుతుంది. ముందురోజు రాత్రి మిరపకాయ బజ్జీలు తిని ఉంటే చెప్పనక్కర్లేదు. తాగడానికి ముందు ఒక అరటిపండో గుప్పెడు బొరుగులో తినండి, పాలు తీసేయండి, పరుగుకు ముందు బాత్రూమ్‌కు పోయేంత వ్యవధి ఉంచుకోండి.

“రాత్రి నిద్ర పట్టదు, పగలంతా చిరాకు”

అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పోగవుతూ నిద్ర పుట్టిస్తుంది. కెఫీన్ దాన్ని తగ్గించదు, అది తగిలే చోట అడ్డంగా కూర్చుంటుంది. కెఫీన్ లేచిపోగానే పోగైన అడెనోసిన్ అంతా ఒక్కసారి పని మొదలుపెడుతుంది. సాయంత్రం 4 గంటలకు వచ్చే ఆ నీరసం, ఎవరి మీదైనా అరవాలనిపించే చిరాకు అదే. అప్పుడు ఇంకో కాఫీ తాగుతాం.

సాయంత్రం 5కి జిమ్ కోసం 200 మి.గ్రా. తీసుకుంటే రాత్రి 10కి సుమారు 100, తెల్లవారుజామున 3కి 50 ఇంకా ఒంట్లో ఉంటాయి. పడుకోవడానికి 6 గంటల ముందు తీసుకున్న 400 మి.గ్రా. కూడా నిద్రను గంటకు పైగా కోసేస్తుందని పరీక్షించి చూశారు. పొద్దున 4:30కి లేవాల్సిన మనిషి 9:30కి పడుకోవాలి. ఆ లెక్కన మధ్యాహ్నం 1 గంట తర్వాత కెఫీన్ వద్దు. సాయంత్రం ప్రాక్టీస్ ఉంటే అది కెఫీన్ లేకుండానే చేయాలి. కాఫీతో దొరికే 10 సెకన్ల కంటే పోయిన నిద్రతో పోయే సెకన్లు ఎక్కువ.

ఉదయం ఒక మోస్తరు కాఫీకి హుషారు, ఏకాగ్రత రావడం మామూలే. కంగారు స్వభావం ఉన్నవాళ్లకు, ఊరికే గాభరా పడేవాళ్లకు అదే కాఫీ భయాన్ని రేపుతుంది. మోతాదు తగ్గించినా, నిద్ర సరిదిద్దినా దిగులు రెండు వారాలకు పైగా వదలకపోతే అది కాఫీ సంగతి కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

“తాగకపోతే తలనొప్పి, మబ్బుగా ఉంటుంది”

మానిన 12–24 గంటల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదిరి, 2 నుంచి 9 రోజులు ఉంటుంది. పరీక్షకు రెండు రోజుల ముందు కాఫీ మానేవాళ్లు సరిగ్గా ఈ గుంతలో పడతారు. తగ్గించుకోవాలంటే పరీక్షలు లేని నెలలో, రోజుకు నాలుగు కాఫీలైతే మూడు నాలుగు రోజులకు ఒకటి చొప్పున తగ్గించండి. ఒకేసారి మానొద్దు.

“ఎండలో కాఫీ తాగితే ఒళ్లు ఎండిపోతుందంటారు”

మామూలు మోతాదులో అంత ఎక్కువ నీరు పోదు. ప్రమాదం ఇంకోచోట ఉంది: ఏప్రిల్, మే ఎండల్లో ఒళ్లు ఆగమని చెప్పే మాటను కెఫీన్ అణచిపెడుతుంది. ఎండకాలం 8 గంటలకల్లా పరుగు ముగించండి. ఉప్పేసిన మజ్జిగ, లేదా ఓఆర్‌ఎస్ తాగండి. మూత్రం ముదురు పసుపైతే ఆ రోజు కెఫీన్ వద్దు.

పొడులు, మాత్రలు

కెఫీన్ నిషేధిత పదార్థం కాదు. 2004 జనవరి 1న ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాన్ని జాబితా నుంచి తీసేసింది, గమనిస్తూ మాత్రం ఉంటుంది. కానీ లేబుల్ మీద రాయని ఉత్ప్రేరకాలు కలిసిన ప్రి-వర్కౌట్ పొడులు ఉన్నాయి. డోప్ పరీక్షలో దొరికితే బాధ్యత ఆటగాడిదే, తెలియదంటే కుదరదు. రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడేవాళ్లు కాఫీతోనే సరిపెట్టుకోవడం మేలు. స్వచ్ఛమైన కెఫీన్ పొడి జోలికి ఎవరూ పోవద్దు. ఒక టీస్పూనులో దాదాపు 28 కప్పుల కాఫీ అంత ఉంటుంది, ప్రాణం పోతుంది.

ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 400, ఒక్కసారికి 200 మి.గ్రా. హద్దు అనుకోండి, కిలో బరువు లెక్కలో ఎక్కువ వచ్చినా సరే. గర్భిణులకు రోజుకు 200. స్పోర్ట్స్ స్కూల్ పిల్లలకు ఎనర్జీ డ్రింకులు వద్దని సీసా మీదే రాసి ఉంటుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగాలి. ఛాతీ నొప్పి, గుండె లయ తప్పడం, ఆగని వాంతులు, ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి.

“ఎంత తాగినా నీరసం పోవట్లేదు”

నిద్ర, తిండి బాగున్నా, ముఖ్యంగా అమ్మాయిల్లో ఇలా ఉంటే రక్తహీనత చూసుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తారు. ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 గ్రాముల కంటే తక్కువుంటే కాఫీ పెంచి లాభం లేదు. పైగా ఉగ్గాని తింటూ, సంగటి తింటూ తాగే టీ, కాఫీ ఆ తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. భోజనానికి, టీకి మధ్య గంటైనా ఎడం పెట్టండి. ఐరన్ మాత్రను టీతో కాకుండా నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి.