పెద్ద అనుభవం తర్వాత ఒక చిన్న పని

10 రోజుల మౌన ధ్యానం నుంచో, సైకెడెలిక్ (చూపునూ ఆలోచననూ కొన్ని గంటలపాటు మార్చేసే మత్తు పదార్థాల) అనుభవం నుంచో బయటికి వచ్చినప్పుడు లోకమంతా కొత్తగా కనిపిస్తుంది. ఆ ఊపులో ఉద్యోగం మానేయాలనో, బంధం తెంచుకోవాలనో అనిపిస్తే కనీసం నెల రోజులు ఆగండి. అర్థాలు వెతకకుండా, చూసింది చూసినట్టు ఆ రోజే రాసి పెట్టుకోండి: ఏ రంగు, ఒంట్లో ఎక్కడ బిగువు, ఎవరి ముఖం. కలలాగే ఇదీ త్వరగా జారిపోతుంది. తర్వాత అందులోంచి ఒక్క పని తీసుకోండి. అమ్మ గుర్తొచ్చి ఏడుపు ఆగలేదనుకోండి, ఇకపై ప్రతి ఆదివారం ఆమెకు ఫోను చేయండి. నా విషయంలో నిలబడిన మార్పులన్నీ ఇలాంటివే. వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోయినా, భయం వదలకపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. ఏమి తీసుకున్నారో ఆయన దగ్గర దాచకండి.