ఒక వాణిజ్య పదం మూలాన్ని వెతకడం ఎలా: ‘క్యాష్’ ఉదాహరణగా

‘క్యాష్’ అనే ఇంగ్లీషు మాట మన ‘కాసు’ నుంచే పుట్టిందని చాలామంది నమ్మకంగా చెబుతుంటారు. అందులో కొంత నిజం ఉంది, కానీ వారు అనుకునే చోట కాదు. ఆ నిజం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి ఒకసారి పట్టుబడితే, వ్యాపారంలో రోజూ వినే ఇతర మాటలకు కూడా దానినే వాడుకోవచ్చు.

మొదట ఆ పదం నేడు ఏయే అర్థాలలో వాడుకలో ఉందో, ఒక్కో అర్థానికి ఒక వాక్యం చొప్పున రాసుకోవాలి. కిరాణా కొట్టులో ‘క్యాషా, ఫోన్‌పేనా’ అని అడిగినప్పుడు దాని అర్థం నోట్లు, నాణేలు. కంపెనీల లెక్కలలో ఆ పరిధి పెరుగుతుంది. ఇండ్ ఏఎస్ 7 అనే భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, అడిగిన వెంటనే తీసుకోగల బ్యాంకు డిపాజిట్లు కూడా క్యాష్‌లో చేరతాయి. వర్తకులు ‘సీసీ’ అని పిలిచే క్యాష్ క్రెడిట్ అయితే, సరుకు నిల్వలను, రావలసిన బాకీలను హామీగా చూపి బ్యాంకు నుంచి తీసుకునే అప్పు. ఫోన్‌లో ‘క్యాష్ క్లియర్ చేయండి’ అన్నప్పటిది వేరే మాట. దాచడం అనే అర్థమున్న ఫ్రెంచ్ క్రియ నుంచి వచ్చిన ఆ మాటకు ఇంగ్లీషు స్పెల్లింగు కూడా వేరే. తెలుగు లిపిలోనే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుచేత వెతికే ముందు ఇంగ్లీషు స్పెల్లింగును సరిచూసుకోవడం తప్పనిసరి.

తరువాత, వ్యుత్పత్తులు, అంటే పదాల పుట్టుక వివరాలు, ఇచ్చే మంచి నిఘంటువును తెరిచి, ఆ స్పెల్లింగు కింద ఎన్ని వేర్వేరు ఆరోపాలు (విడివిడిగా ఇచ్చిన పద వివరణలు) ఉన్నాయో చూడాలి. చాలామంది మొదటి ఆరోపం చదివి ఆగిపోతారు; తప్పుడు కథలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయని నా అభిప్రాయం. డబ్బు అనే అర్థమున్న క్యాష్‌కు మూలం, పెట్టె అనే అర్థమిచ్చే లాటిన్ పదం ‘కాప్సా’. అది ఇటాలియన్‌లో ‘కాస్సా’గా, ఫ్రెంచ్‌లో ‘కెస్’గా మారి, 16వ శతాబ్ది చివరలో ఇంగ్లీషుకు చేరింది. తొలి రోజులలో ఆ మాట డబ్బుపెట్టెకూ, అందులోని డబ్బుకూ వాడుకలో ఉండేది. క్రమంగా పెట్టె అర్థం పోయి డబ్బు మిగిలింది. క్యాప్సూల్, క్యాసెట్ కూడా ఆ లాటిన్ పదం సంతానమే. సైన్యం నుంచి అధికారిని అవమానకరంగా తొలగించడాన్ని చెప్పే ‘క్యాషియర్’ క్రియకు మాత్రం ఈ పెట్టెతో సంబంధం లేదు, అది డచ్చి భాష మీదుగా వచ్చింది.

మన కాసు కనిపించేది రెండవ ఆరోపంలో. ఆసియాలోని చిన్న నాణేలకు ఐరోపావారు పెట్టుకున్న పేరు అది. తమిళ ‘కాసు’ పోర్చుగీసువారి నోట ‘కైషా’ అయింది. పోర్చుగీసులో పెట్టెకూ అదే పేరు, దానికీ మూలం ‘కాప్సా’యే. ఇంగ్లీషువారు ఆ నాణెం పేరును తమకు అప్పటికే తెలిసిన ‘క్యాష్’ రూపంలోకి మార్చుకున్నారు. అంటే రెండు వేర్వేరు మూలాల నుంచి బయలుదేరిన మాటలు ఒకే స్పెల్లింగు దగ్గర కలిశాయి. చైనాలోని చతురస్రపు రంధ్రమున్న రాగి నాణేనికి కూడా ఐరోపావారు ఈ పేరే వాడారు.

నిఘంటువు చెప్పినదానిని వస్తువులతో పోల్చి చూడటం మూడవ పని. పాత మద్రాసు నాణేల లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక నక్షత్ర వరహా అనే బంగారు నాణెం. ఈస్టిండియా కంపెనీ 1808 తేదీతో ముద్రించిన రాగి నాణేల మీద, పారసీ రాత కింద, రోమన్ అంకెలతో ‘20 క్యాష్’ అని ఉంటుంది. ఆ నాణేలను మద్రాసుకు తీసుకువస్తూ ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరంలోని గుడ్విన్ ఇసుకతిప్పల దగ్గర మునిగిపోయింది. అందులోని నాణేలు తరువాతి కాలంలో పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. నాణెం మీద ముద్రించిన పేరును మించిన సాక్ష్యం ఈ విషయంలో అరుదు.

ఇలాంటి ఆంగ్లో-ఇండియన్ మాటల కోసం యూల్, బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువును, తెలుగు వైపు రూపాల కోసం ఆంధ్రభారతి సైటులో ఉచితంగా దొరికే బ్రౌన్ వంటివారి నిఘంటువులను చూడవచ్చు. కాసు మన దగ్గర ఇంకా వాడుకలోనే ఉంది: కాసుల పేరు అనే హారం, కోస్తా జిల్లాలలో ఎనిమిది గ్రాములుగా లెక్కించే కాసు బంగారం అందరికీ తెలిసినవే. అయితే ఈ వాడుకలు ఇంగ్లీషు క్యాష్‌కు మూలం తెలుగేనని రుజువు చేయవు. ఒక పదం ఏ భాష నుంచి, ఎవరి నోటి మీదుగా, ఏ కాలంలో, ఏ అర్థంతో వెళ్లిందన్న నాలుగింటికీ ఆధారం ఉంటేనే వ్యుత్పత్తిని అంగీకరించాలి.

ఈ పద్ధతిని వెంటనే పరీక్షించాలనుకునేవారు ‘గోడౌన్’ను తీసుకోవచ్చు. పోర్చుగీసు ‘గుదావ్’, మలయ్ భాషలోని ‘గుదాంగ్’, తమిళ ‘కిడంగు’, మన ‘గిడ్డంగి’ నాలుగూ దాని చరిత్రలో ఎదురవుతాయి; వాటిలో ఏది ఏ రేవు నుంచి ముందుగా బయలుదేరిందన్న ప్రశ్నతో వెతుకులాట మొదలుపెట్టాలి.