ఎముక కణితి సర్జరీకి మిక్స్‌డ్ రియాలిటీ ప్లానింగ్

మిక్స్‌డ్ రియాలిటీ అంటే స్కాన్ నుంచి చేసిన 3డి బొమ్మను హెడ్‌సెట్ పెట్టుకుని ఎదురుగా ఉన్నట్టే చూడటం. ఎముక కణితి సర్జరీని దాంతో ముందే ప్లాన్ చేసుకోవచ్చు. పాడేరు, శ్రీకాకుళం వైపు నుంచి విశాఖ వచ్చే పేషెంట్లు చాలాసార్లు స్కాన్ ఫిల్ములే తెస్తారు. వాటితో 3డి మోడల్ తయారవదు. స్కాన్ విశాఖ మహారాణిపేటలో తీయించినా ఊళ్లో తీయించినా డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు డిజిటల్ ఫైళ్లు) ఉన్న సీడీ అడగండి. కీమో అయ్యాక కొత్త స్కాన్ తప్పనిసరి.

సీటీ స్లైసు (స్కాన్‌లో ఒక్కో పొర) మందం 1 మి.మీ. మించకూడదు. 5 మి.మీ. అయితే ఎముక మెట్లుమెట్లుగా వస్తుంది. ఎముకను సీటీలో, మూలుగలో కణితి ఎంత పాకిందో ఎంఆర్‌ఐ టీ1 (మూలుగ స్పష్టంగా కనిపించే రకం) బొమ్మల్లో గీయండి. ఉచితంగా దొరికే 3డి స్లైసర్ సాఫ్ట్‌వేర్ చాలు. రెండింటినీ కలపడంలోనే అసలు చిక్కు. ఒక స్కాన్‌లో మోకాలు చాపి, ఇంకోదాంట్లో వంచి ఉంటే తొడ ఎముక సరిగ్గా కూర్చున్నా, వెనకున్న రక్తనాళం పక్కకు జరిగి కనిపిస్తుంది.

కణితి అంచుకు 2 సెం.మీ. అవతల కోయాలనుకుంటే మోడల్‌లో ఆ కోత తలానికి (ప్లేన్‌కు) వేరే రంగు ఇవ్వండి. మోడల్ ఉపరితలాన్ని కూర్చే త్రిభుజాలు లక్ష లోపుకు తగ్గించండి, లేదంటే హోలోలెన్స్ 2 హెడ్‌సెట్‌లో బొమ్మ తడబడుతుంది. ఆపరేషన్ థియేటర్ లైటు కింద హోలోగ్రామ్ (హెడ్‌సెట్‌లో కనిపించే 3డి బొమ్మ) వెలిసిపోతుంది, కాబట్టి ముందురోజే మసక గదిలో చూసుకోండి. కోత కొలతకు మాత్రం దాన్ని నమ్మొద్దు. స్టెరైల్ స్కేలుతో కొలిచి, సీ-ఆర్మ్‌లో (థియేటర్‌లోని ఎక్స్‌రే యంత్రంలో) సరిచూడండి.