ఉంబ్రియా వెళ్ళాలంటే ముందు పండగ చూసుకోండి, టికెట్ తర్వాత

మన విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ చూడ్డానికి బయటూరి నుంచి ఎవరైనా వస్తామంటే మనం ఏం చెప్తాం? మంగళవారం మధ్యాహ్నం దిగి సాయంత్రానికి బస్సెక్కేద్దాం అనుకోకండి, సోమవారం తొలేళ్ళకే వచ్చెయ్యండి, మర్నాడు కూడా ఉండండి అంటాం కదా. ఇటలీలో ఉంబ్రియా అనే ప్రాంతానికి వెళ్ళేవాళ్ళకి కూడా నేను అదే చెప్తున్నా. మన జిల్లా నుంచి ఇటలీ వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ అని ప్యాకేజీ కట్టించుకుంటారు, దార్లో బస్సు అసీసీలో రెండు గంటలు ఆగుతుంది, నాలుగు ఫోటోలు తీసుకుని ఎక్కేస్తారు, ఉంబ్రియా చూసేశాం అనేస్తారు. అది వింటే నాకు బాధేస్తుంది. మేం అమ్మనీ నాన్ననీ తీసుకుని తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాం, రోమ్‌లో ఒక్క రాత్రే పడుకున్నాం, ఇప్పటికీ ఇంట్లో ఆ ఊళ్ళ మాటే.

ఉంబ్రియా రోమ్‌కీ ఫ్లోరెన్స్‌కీ మధ్యలో ఉంటుంది. సముద్రమూ లేదు, వేరే దేశంతో సరిహద్దూ లేదు, అన్నీ కొండలే, కొండకో ఊరు, కిందకి ఆలివ్ తోటలు, ద్రాక్ష తోటలు. ఇటలీవాళ్ళు దీన్ని దేశానికి పచ్చటి గుండెకాయ అంటారు. పెద్ద ఊరు పెరూజా, అదే రాజధాని.

ముందు తేదీ ఎలా పెట్టుకోవాలో చెప్తా, ఎందుకంటే వీసా, రూము, టికెట్టు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. నా మటుకు అన్నిటికన్నా ముందు మే 15, గుబ్బియో. ఆ ఊరి దేవుడు లాంటి ఆయన సంత్ ఉబాల్దో, 1160లో చనిపోయిన బిషప్పు, ఆయన పండగ మే 16న, దానికి ముందు రోజు జరిగేదే చేరోల పరుగు. చేరో అంటే చెక్కతో చేసిన పెద్ద స్తంభం లాంటిది, 4 మీటర్ల పైనే ఎత్తు, బరువు రెండొందల యాభై కిలోలు దాటి ఉంటుంది, అలాంటివి మూడు. ఒక్కోదాని నెత్తిన ఒక సాధువు బొమ్మ, సంత్ ఉబాల్దోది తాపీ పనివాళ్ళ తరఫు పసుపు చొక్కాలు, సాన్ జోర్జోది వ్యాపారుల తరఫు నీలం, సంత్ అంతోనియోది రైతుల తరఫు నలుపు. వాటిని భుజాల మీద పెట్టుకుని వీధుల్లో పరిగెత్తి, ఆ తర్వాత ఊరి పైనున్న ఇంజీనో కొండ కూడా పరుగుతోనే ఎక్కేస్తారు, మొయ్యడానికి మనుషులు మారుతుంటారు గానీ దానికోసం చేరో ఆగదు.

ఇందులో విచిత్రం ఏటంటే పోటీలో ఎవరూ ఎవర్నీ దాటరు. ఉబాల్దో ఎప్పుడూ ముందే, తర్వాత జోర్జో, ఆఖర్న అంతోనియో. మరి గెలుపు ఎక్కడుంది అంటే, కొండ మీద గుడి తలుపు దగ్గర. ఉబాల్దోవాళ్ళు లోపలికెళ్ళి, వెనకాల జోర్జోవాళ్ళు వచ్చేలోపు తలుపు మూసెయ్యాలని చూస్తారు, వీళ్ళు మూయనివ్వకూడదని చూస్తారు. దాని గురించి ఏడాదంతా మాట్లాడుకుంటారట. ఉంబ్రియా జెండా మీద ఉన్న మూడు గుర్తులు కూడా ఈ మూడు చేరోలే, అంటే ఆ ఒక్క ఊరి పండగ మొత్తం ప్రాంతానికి గుర్తైపోయింది.

చూడాల్సింది సాయంత్రం పరుగొక్కటే అనుకోకండి. మధ్యాహ్నానికి కాస్త ముందు పియాత్సా గ్రాందె అనే మైదానంలో, కొన్సొలి భవనం ముందు, వాటిని నిలబెడతారు. పడుకోబెట్టిన చేరో మీదకి ఒకాయన ఎక్కి నించుంటాడు, చేతిలో రంగులేసిన మట్టి కూజా నిండా నీళ్ళు, ఆ నీళ్ళు చెక్క మీద పోసి కూజాని జనంలోకి విసిరేస్తాడు, అదే క్షణంలో చేరో నిటారుగా లేస్తుంది. కింద పడి పగిలిన ఆ కూజా పెంకు ముక్క దొరికితే అదృష్టం అని జనం ఎగబడి ఏరుకుంటారు. మా అమ్మ అది చూసి మన సిరిమాను మీదకి అరటిపళ్ళు విసిరినట్టే ఉంది కదరా అంది, నాకు ఒళ్ళు జలదరించింది. పైన గంట మోగుతుంటుంది, దాన్ని మనుషులు కాళ్ళతో తన్ని మోగిస్తారు. మైదానంలో చోటు కావాలంటే పొద్దున్న 9 కల్లా ఉండాలి, పెద్దవాళ్ళని మధ్యలోకి తీసుకెళ్ళొద్దు, గోడవారగా నించోబెట్టండి. పరుగు సాయంత్రం 6కి. గుబ్బియోకి రైలు లేదు, పెరూజా నుంచి బస్సు, లేదా ఫొస్సాతో ది వీకో స్టేషన్లో దిగి బస్సు. పండగ రోజు బస్సులు ఎక్కడ ఆపుతారో ముందు రోజే అడిగి పెట్టుకోండి, అసలు 14 రాత్రికే ఊళ్ళో ఉంటే ఆ గొడవే లేదు, కాకపోతే రూము నెలల ముందే బుక్ చెయ్యాలి.

మే కుదరకపోతే స్పెల్లో అనే ఊరు చూడండి. ఈస్టర్ తర్వాత తొమ్మిదో ఆదివారం కోర్పుస్ దోమిని పండగ, దానికి ముందు శనివారం రాత్రంతా ఊరంతా వీధుల్లో కూచుని పూల రేకులతో బొమ్మలు పరుస్తారు. మన సంక్రాంతి ముగ్గులు గుర్తొస్తాయి, అయితే ఇవి వీధి పొడుగునా తివాచీల్లా ఉంటాయి. పొద్దున్న బిషప్పు ఊరేగింపు వాటి మీద నుంచే నడిచి వెళ్తుంది, దాంతో చెదిరిపోతాయి. కాబట్టి ఆదివారం ఊరేగింపు అయ్యాక వెళ్ళి ప్రయోజనం లేదు, శనివారం రాత్రి వెళ్ళి వాళ్ళు పరుస్తుండగా చూడాలి. పాట, కచేరీ ఇష్టమైతే (విజయనగరం వాళ్ళకి ఇష్టం లేకుండా ఎలా ఉంటుంది, మన సంగీత కాలేజీయే 1919 నాటిది) జులైలో పెరూజాలో ఉంబ్రియా జాజ్ ఉంది, 1973లో మొదలైంది, పెద్ద కచేరీలకి టికెట్ గానీ ఊరి మధ్య మైదానాల్లో వాయించేవి ఉచితం. స్పొలేతోలో జూన్ ఆఖరు నుంచి జులై వరకు రెండు ప్రపంచాల ఉత్సవం, 1958లో మెనొత్తి అనే సంగీతకర్త పెట్టింది, నాటకం, నాట్యం, ఒపేరా. ఆగస్టు వద్దు, ఎండ, పైగా 15 చుట్టూ దేశమంతా సెలవులే.

తేదీ అనుకున్నాక వీసా. ఇటలీకి కావాల్సింది షెంగెన్ వీసా, దానికి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, 15 రోజుల ముందు వరకే గడువు, అంతదాకా ఆగితే ఎండాకాలంలో అపాయింట్‌మెంటే దొరకదు. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, సర్వీస్ చార్జి వేరే. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్‌పోర్ట్ తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలైనా చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. మన అడ్రస్ ఏ సెంటర్ కిందకి వస్తుందో ముందే చూసుకోండి, తెలియకుండా రైలెక్కెయ్యకండి. అప్లికేషన్‌లో ఏ రోజు ఏ ఊళ్ళో పడుకుంటున్నారో రాయాలి, ఒకే చోట ఎక్కువ రాత్రులుంటే ఆ కాగితం కూడా తేలిగ్గా అయిపోతుంది.

ఎక్కడ ఉండాలి అంటే, కుర్రాళ్ళయితే పెరూజా. ఊరు కొండ మీదుంది గానీ కింద నుంచి ఎస్కలేటర్లు ఉన్నాయి, అవి రొక్కా పావొలీనా అనే కోట లోపల్నుంచి వెళ్తాయి. 1540లో పోప్ మీద ఊరు తిరగబడితే, ఆయన అణిచేసి అక్కడి పెద్ద కుటుంబం ఇళ్ళ మీదే ఈ కోట కట్టించాడు, ఆ పాత వీధులు ఇప్పటికీ కోట కింద ఉన్నాయి, ఎస్కలేటర్ దిగుతూ చూడొచ్చు. అమ్మా నాన్న వస్తుంటే మాత్రం ఫొలీన్యో. అందం కోసం కాదు, ఊరు చదునుగా ఉంటుంది, రైల్వే జంక్షను, స్పెల్లో, అసీసీ, పెరూజా ఒక లైను మీద, త్రేవి, స్పొలేతో ఇంకో లైను మీద. పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చి పడుకోవచ్చు, సామాన్లు మొయ్యక్కర్లేదు. రోమ్ తెర్మిని స్టేషన్ నుంచి నేరుగా రైలుంది.

ప్యాసింజర్ లాంటి రైళ్ళకి ముందు కొన్నా అప్పుడు కొన్నా ఒకటే రేటు. అయితే కాగితం టికెట్ తీసుకుంటే ప్లాట్‌ఫాం మీదున్న చిన్న మెషీన్లో పెట్టి తేదీ ముద్ర కొట్టించాకే ఎక్కాలి, లేదంటే టికెట్ ఉన్నా ఫైనే. మాకు మొదటి రోజే పడింది, నాన్న ఆ పూటంతా మాట్లాడలేదు. కారు తీసుకుంటే ఇక్కడి నుంచే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్ళండి, పాత ఊళ్ళ లోపలికి బయటి కార్లు వెళ్ళకూడని జోన్లు ఉంటాయి, కెమెరా తీస్తుంది, ఫైను నెలల తర్వాత ఇంటికొస్తుంది. గోడ బయట పార్కు చేసి నడవండి.

ఇక అసీసీ. స్టేషన్ కింద సాంత మరియా దెల్యి ఆంజెలి దగ్గర ఉంటుంది, పైకి బస్సు. పెందలాడే వెళ్ళండి, టూరిస్టు బస్సులు రాకముందు. భుజాలు మోకాళ్ళు కనబడకూడదు, లోపల ఫోటోలు తియ్యనివ్వరు, అదే మంచిది. ఫ్రాన్సిస్ అనే సాధువు పేరు మీదున్న బసిలికా, అంటే పెద్ద చర్చి, 1228లో మొదలుపెట్టారు, కింద ఒక గుడి, దాని మీద ఇంకో గుడి. పై గుడిలో ఫ్రాన్సిస్ జీవితం 28 బొమ్మలు, జొట్టో అనే చిత్రకారుడు వేశాడని పేరు, కాదని వాదించేవాళ్ళూ ఉన్నారు. చాలామంది తలుపులోంచి వచ్చి ఎటు పడితే అటు చూస్తారు, కథ అర్థం కాదు. ముందు పూజ జరిగే చివరికి వెళ్ళిపోండి, అక్కడ పూజా పీఠం వైపు తిరిగి నించుంటే కుడి పక్కనుండే గోడ దగ్గర మొదలుపెట్టి తలుపు వైపు నడుచుకుంటూ రండి, తలుపు పక్కనే పక్షులకి బోధ చేస్తున్న బొమ్మ వస్తుంది, తర్వాత ఎదురు గోడ పట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళండి.

ఒక్క బొమ్మ దగ్గరైనా పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి. సన్నటి అతుకు గీతలు కనబడతాయి. ఆ రోజుల్లో తడి సున్నం మీదే రంగు వేసేవారు, సున్నం ఆరేటప్పుడు రంగుని పట్టుకుంటుంది, అందుకని ఆ రోజు ఎంత వెయ్యగలరో అంత మేరకే సున్నం పూసేవారు, ఆ రోజు పనిని జొర్నాత అంటారు. ఆ అతుకులు లెక్కపెడితే పనికి ఎన్ని రోజులు పట్టిందో గోడే చెప్తుంది. శ్రీకూర్మం ప్రదక్షిణ మండపం గోడల మీద బొమ్మల్ని మనం ఎప్పుడైనా ఇంత దగ్గరగా చూశామా అనిపించింది నాకు, వచ్చిన వారంలోనే వెళ్ళి చూశాను. అసీసీ పై గుడిలోనే ఓ పక్క చిమాబూయె అనే చిత్రకారుడు వేసిన శిలువ బొమ్మ ఉంది, తెల్ల రంగులో సీసం ఉండడంతో కాలక్రమేణా నల్లబడిపోయి, ఫోటో నెగెటివ్‌లా కనిపిస్తుంది. 1997 సెప్టెంబర్ 26 భూకంపంలో ఈ పై గుడి కప్పు కొంత కూలి నలుగురు చనిపోయారు. రాలిన ముక్కలన్నీ ఏరి అతికి, రెండేళ్ళకి, 1999 నవంబర్లో మళ్ళీ తెరిచారు.

మధ్యాహ్నం 12:30 దాటితే చిన్న ఊళ్ళలో గుళ్ళు మూసేస్తారు, 3కో 3:30కో తీస్తారు. స్పెల్లో చర్చిలో పింతూరిక్కియో అనే చిత్రకారుడు 1501లో బొమ్మలు వేసిన బాల్యోని గది చూద్దామని సరిగ్గా ఒంటిగంటకి వెళ్ళి మెట్ల మీద కూచున్నాం. ఆ టైములో తినండి. పెరూజాలో ఉంబ్రియా జాతీయ గ్యాలరీకి నెలలో మొదటి ఆదివారం ఉచితం, జనం ఎక్కువుంటారు గానీ.

తిండి గురించి అమ్మ చాలా బెంగపెట్టుకుంది. ట్రఫుల్ (నేల లోపల పెరిగే పుట్టగొడుగు లాంటిది) వేసిన స్త్రంగొత్సి అనే పొడుగు పాస్తా, పెనం మీద కాల్చిన తోర్తా అల్ తెస్తో రొట్టె (మన చోడి రొట్టెలా దళసరిగా ఉంటుంది), కాస్తెల్లూచ్చో అనే ఊరి మసూర్ల సూపు, ఇవి శాకాహారులకి బాగా పనికొస్తాయి, అయితే సూపులో పంది మాంసం వేసే అలవాటు ఉంది కాబట్టి సెంత్స కార్నె అని చెప్పి అడగండి, మాంసం లేకుండా అని. వాళ్ళ రొట్టెలో ఉప్పుండదు. 1540లో పోప్ ఉప్పు మీద పన్నేస్తే మానేశారని చెప్పుకుంటారు. నౌపడ ఉప్పు తిన్న నాలుకకి చప్పగా ఉంటుంది, ఆవకాయ పట్టుకెళ్ళండి, పర్లేదు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం వద్దు, యూరప్‌లోకి పాల వస్తువులు, మాంసం తీసుకెళ్ళనివ్వరు.

రెండు రాత్రులైనా పల్లెలో ఆగ్రితురిజ్మోలో ఉండండి, అంటే రైతులే తమ పొలంలో గదులిస్తారు, రాత్రి వాళ్ళు పండించిందే వండి పెడతారు. అక్టోబర్ నవంబర్లలో అయితే ఆలివ్ కాయలు కోసి మిల్లులో నూనె తీస్తుంటారు, అప్పుడే తీసిన నూనె ఆకుపచ్చగా, గొంతులో కారంగా తగుల్తుంది. జూన్ ఆఖరు నుంచి జులై మొదటి వారాల్లో వెళ్తే కాస్తెల్లూచ్చో మైదానం చూడాలి, మసూర్ చేలల్లో ఎర్ర గసగసాల పూలు, నీలం పూలు, మన అరకు వలిసె పూలు పసుపొక్కటే, అక్కడ చారలు చారలుగా రంగులు. కారు లేకుండా కష్టం. 2016 అక్టోబర్ 30 భూకంపంలో ఆ ఊరు చాలా మటుకు కూలిపోయింది, వెళ్తే మసూర్లు అక్కడే కొనండి.

ఒర్వియేతోని తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి, రోమ్ వైపే ఉంటుంది, ఫొలీన్యో నుంచి ఓర్తెలో రైలు మారాలి. అక్కడ చర్చిలో సిన్యొరెల్లి అనే చిత్రకారుడు బొమ్మలు వేసిన గది, దిగడానికొకటి ఎక్కడానికొకటి 248 మెట్ల మెలిక దారులున్న బావి, రెండూ సగం రోజులో అయిపోతాయి.

మే 15కి కుదరనివాళ్ళు కూడా గుబ్బియో వదలకండి. ఏడాదంతా ఆ మూడు చేరోలు కొండ మీద సంత్ ఉబాల్దో గుడిలోనే నించుని ఉంటాయి, మే మొదటి ఆదివారం మాత్రమే కిందకి దింపుతారు. పైకి రోప్‌వే ఉంది, పంజరం లాంటి చిన్న బుట్ట, ఇద్దరే పడతారు, నించునే వెళ్ళాలి, పైగా అది ఆగదు, కదుల్తుండగానే మనిషి చెయ్యి పట్టుకుని ఎక్కించేస్తాడు. అమ్మకి చీరతో కష్టమవుతుందని ఆ రోజు పంజాబీ డ్రెస్ వేయించాం, మీరూ అలాగే చెయ్యండి.